ఐపీ అంటే ఇంక పొండి

ఐపీ అంటే ఏమిటో తెలియకముందే దాని మీద జోకు కట్టినవాణ్ణి నేను. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా టీకొట్టు దగ్గర ఆ రోజు అందరి మొహాలూ వేలాడుతున్నాయి. ఎవరో ఎరువుల వ్యాపారి అప్పులు కట్టలేనని చేతులెత్తేసి కోర్టులో ఐపీ పెట్టేశాడట, వీళ్లలో కొందరి డబ్బు అక్కడ చిక్కుకుపోయింది. అలాంటి మొహాలు చూస్తే నాకు నాలుక దురద పెడుతుంది. టీ గ్లాసునే మైకులా పట్టుకుని అందుకున్నాను.

"ఐపీ అంటే ఏందో తెలవకుండానే ఏడుస్తుండారంట్రా? ఐ అంటే ఇంక. పీ అంటే పొండి. అప్పులోళ్లు వాకిట్లోకి వస్తే చెప్పే మాట. ఇంక పొండి!"

డబ్బు పోయినవాళ్లు కూడా నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది నా పక్కన నిలబడ్డ నా స్నేహితుడు. నవ్వి నవ్వి టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. "ఇంకోసారి చెప్పు మామా" అన్నాడు. చెప్పాను. అడిగితే మూడోసారి కూడా చెబుతాను, అది నా జబ్బు. ఆ మాటను వాడు జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోతున్నాడని నాకేం తెలుసు?

నాకొక ఆటో ఉంది. దాని నెత్తిన రెండు హారన్లు, లోపల ఒక ఆంప్లిఫయరు, నా చేతిలో మైకు. చీరల కొట్టు తగ్గింపులు, కరెంటు కోతలు, తప్పిపోయిన బర్రెలు, ఎవరైనా పోతే శవాన్ని ఎత్తే టైము, అన్నీ నా నోటి మీదుగానే ఊళ్లోకి పోతాయి. ఆత్మకూరు, చేజర్ల, సంగం, అటు ఉదయగిరి దాకా తిరుగుతాను. ఇప్పుడందరూ గొంతును పెన్‌డ్రైవులో ఎక్కించి తిప్పుతున్నారు. నేను మాత్రం ఇంకా నోటితోనే చెబుతాను. నేను చెబితే తప్పిపోయిన బర్రె కూడా నవ్వుకుంటూ ఇంటికొస్తుందని పేరు.

ఉదయగిరి కొండ కింద మా ఊరు. ఏడో తరగతిలో చదువు మానేశాను. మానేశాను అనడం మర్యాద కోసం. అయ్యవారు ఎక్కాలు అప్పజెప్పమంటే వాటిలో ఆయన పేరు కలిపి పాట కట్టాను. ఆయన మా నాయన్ని పిలిపించాడు, మా నాయన నన్ను గొర్రెల వెంట పంపించాడు. నా స్నేహితుడు పదో తరగతి దాకా చదివాడు. వాళ్లదీ గొర్రెల ఇల్లే, మా ఇంటి పక్కదే. వాడికి బడి వదిలాక సాయంత్రం నేను వాళ్ల దొడ్డికి పోయేవాణ్ణి. మా వైపు ఒక్కో ఇంటి గొర్రెలకు ఒక్కో చెవి గాటు ఉంటుంది. మందలు కలిసిపోయినా ఎవరివి ఎవరివో చెవిని చూసి చెప్పేస్తారు. వాళ్లది ఎడమ చెవి కొసన చీలిక, చేప తోకలా కనిపిస్తుంది. గొర్రెపిల్లను నేను ఒళ్లో అదిమి చెవి పట్టుకుంటే వాడు కత్తి పెట్టేవాడు. నెత్తురొచ్చిన చోట బూడిద అద్దేది నేనే. ఆ చేప తోకలు ఎన్నింటిని పట్టుకున్నానో లెక్కలేదు.

మైకు సెట్టు కొన్న రోజు కూడా వాడు నాతోనే ఉన్నాడు. మా ఆవిడ చీటీ పాడిన డబ్బు, మా నాయన రెండు పొట్టేళ్లను అమ్మి ఇచ్చిన డబ్బు కలిపి పంచె కొంగులో కట్టుకుని నెల్లూరు పోయాం. కొట్టులో అన్నీ ఇంగ్లీషు కాగితాలు. ఇంగ్లీషు చూస్తే నాకు ఇప్పటికీ చలి పుడుతుంది. అందుకే బిల్లు సంగతి వాడికి వదిలేసి నేను బయట హారను పట్టుకుని "హలో, హలో, మైక్ టెస్టింగ్" అని వీధిలో పోయేవాళ్లను బెదిరిస్తూ కూర్చున్నాను. కొట్టాయన "పేరు?" అని అడిగితే వాడు అలవాటుగా వాడి పేరు చెప్పాడు. బస్సెక్కాక గానీ చూసుకోలేదు. చూసుకుని ఇద్దరం పడీ పడీ నవ్వాం.

"పోనీలే మామా, బిల్లు నాది, నోరు నీది" అన్నాడు వాడు.

"బిల్లు నువ్వే దాచిపెట్టు. నా దగ్గరుంటే మా ఇంట్లో ఎలకలు చదువుకుంటాయి" అన్నాను నేను.

అది నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో పెట్టింది కాదు.

తర్వాత నేను ఆత్మకూరు చేరి ఆటో తోలుకుంటూ బతికాను. వాడు ఊళ్లోనే ఉండి గొర్రెలు కొనడం, అమ్మడం పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు. రెండేళ్ల కింద ఒక రోజు ఫైనాన్సు ఆయన దగ్గరికి రమ్మన్నాడు. ప్రోనోటు మీద ష్యూరిటీ సంతకం కావాలట.

"ఊరికే పక్కన ఒక గీత గీకు మామా. కట్టేది నేనే."

నేను పెన్ను పట్టుకుని ఫైనాన్సు ఆయన్ని అడిగాను. "పెళ్లికొడుకు వాడు, తోడుపెళ్లికొడుకును నేను. రేపు తన్నులు పడితే ఇద్దరికీ పడతాయా?"

"ఇద్దరికీ పడతాయి" అన్నాడాయన, నవ్వుతూనే. ఆ మొత్తం వ్యవహారంలో నిజం చెప్పినవాడు ఆయనొక్కడే. నేను నా సంతకాన్ని పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో, బడిలో నేర్చుకున్నది అదొక్కటే కాబట్టి, ముద్దుగా పెట్టాను.

పోయిన వరికోతల ముందు ఒక పొద్దున ఎప్పటిలాగే టీకొట్టు ముందు ఆటో ఆపాను. టీకొట్టాయన గ్లాసు అందిస్తూ మెల్లగా అన్నాడు. "మీవాడు ఐపీ పెట్టినాడంట గదా?"

నా నోరు నన్ను అడగకుండానే లేచింది. "ఐపీ అంటే ఏంది? ఐ అంటే ఇంక, పీ అంటే..."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన తల దించుకుని బిస్కెట్టు ముంచుకుంటున్నాడు. ఇంకొకాయన అన్నాడు, "ష్యూరిటీ నువ్వేనంట గదరా?"

నాలుగు మండలాలకు వార్తలు చెప్పేవాణ్ణి. నా వార్త నాకు టీకొట్టులో తెలిసింది. కోర్టు వాళ్లు అప్పులోళ్లందరికీ నోటీసులు పంపారట, మందుల షాపతనికి, లారీ అతనికి, ఆఖరికి గడ్డి అమ్మినవాడికి కూడా. నాకు రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఉదయగిరి పోతే ఇంటికి తాళం. తిరిగొచ్చి మా ఆవిడకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అంతకన్నా చెడ్డ పని చేసింది. నా పద్ధతిలోనే మాట్లాడింది.

"ఏమయ్యా, ఊరందరి బర్రెలనీ వెతికి పెడతావే. నీ స్నేహితుణ్ణి కూడా మైకులో చెప్పు. పొడుగ్గా ఉంటాడు, ఎర్రటోడు, మన సంతకంతో తప్పిపోయినాడు, ఆచూకీ తెలిస్తే చెప్పండని."

ఫైనాన్సు ఆయన మూడోసారి ఇంటికొచ్చి వెళ్లిన రోజు, ఇక నేనూ ఐపీ పెట్టేద్దామనుకుని లాయరమ్మ దగ్గరికి పోయాను. కోర్టు వెనక సందులో జిరాక్సు కొట్టు మీద ఆమె ఆఫీసు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"ఆ గొంతు నీదేనా? నువ్వు ఈ సందులోకొస్తే నేను కిటికీ మూసుకోవాల్సొస్తుండాది. ఏంది కథ?"

"నేను కూడా ఐపీ పెడితే ఎట్టా ఉంటాదమ్మా?"

"సినిమాకి పోదామా అన్నట్టు అడుగుతుండావే. నీ అనుమానాలన్నీ ముందు బయటికి తియ్యి."

దారి పొడుగునా కూడగట్టుకున్నవన్నీ తీశాను. "జైల్లో పెడతారా?"

"అప్పు తీర్చలేనోణ్ణి జైల్లో పెట్టరయ్యా. ఉన్నది దాచిపెట్టి లేదని రాస్తే అప్పుడొస్తాది జైలు మాట."

"పెట్టంగానే అప్పు పోయినట్టేనా?"

"పోదు. నాకున్నది ఇది, నేను బాకీ ఉన్నది వీళ్లకి అని మొత్తం రాసి కోర్టు చేతిలో పెట్టడం, అదీ ఐపీ అంటే. కోర్టు ఉన్నది అమ్మించి తలా కొంచెం పంచుతాది. నువ్వు నిజంగా నడుచుకుంటే ఆ తర్వాత ఎప్పటికో విడుదల చేస్తాది. మీరు టీకొట్ల దగ్గర చెప్పుకునేట్టు పొద్దున పెట్టి సాయంత్రానికి కాలు మీద కాలేసుకునేది కాదు."

టీకొట్ల మాట ఎత్తేసరికి నేను కిటికీ వైపు చూశాను.

"ముందే ఆటో మా ఆడామె పేరు మీదకి మార్చేస్తే?"

"ఆ తెలివి నీకంటే ముందు చానామందికి వచ్చింది. ఐపీకి ముందు అట్టా మార్చినవన్నీ, రెండేళ్ల కిందటివైనా సరే, కోర్టు తవ్వి తీసి రద్దు చెయ్యగలదు."

"తాళిబొట్టు?"

"దాని జోలికి రారు. కట్టుబట్టలు, వంటసామాను, వాటి జోలికీ రారు."

"పేపర్లో వేస్తారంట గదా, పరువు..."

"వేస్తారు."

"పేపరు ఎవరు చదువుతారమ్మా. నా మైకులో అయితే నా ఐపీ సంగతి నేనే చెప్పుకుంటా. కోర్టుకి ఖర్చు కూడా కలిసొస్తాది."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ ధైర్యంతోనే అసలు ప్రశ్న అడిగాను. "వాడు ఐపీ పెట్టినాడు గదా, వాడితోపాటు నా సంతకం కూడా కొట్టుకుపోయినట్టేనా?"

ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది. "లేదయ్యా. వాడు మునిగితే పట్టుకునేదానికే గదా నీ దగ్గర సంతకం తీసుకున్నది? వాడి దగ్గర రాంది నీ దగ్గర వసూలు చేస్తారు."

చివరికి అడిగాను, "నా మైకు?"

"నీ బతుకు దాంతోనే గాబట్టి పనిముట్టు కింద వదిలెయ్యమని అడగొచ్చు. చేతిపనోళ్ల పనిముట్లు తీసుకోరు. నీది చేతిపనా నోటిపనా అని అవతలోళ్లు వాదిస్తారు, అది నేను చూసుకుంటా. బిల్లు ఉండాదా?"

"ఓ, బో భద్రంగా ఉండాది. వాడి దగ్గర."

అంత సంతోషంగా చెప్పాను నేను. ఆమె మొహంలో సంతోషం లేదు. వాడు కోర్టులో పెట్టిన కాగితాల నకలు తెప్పిస్తాను, వారం తర్వాత రమ్మంది.

వారం తర్వాత ఆమె చదివి వినిపించింది. అప్పులోళ్ల పట్టీలో నా పేరు లేదు. ఆస్తుల దగ్గరికొచ్చింది. గొర్రెలు: రోగం వచ్చి మొత్తం చనిపోయినవి. ఇల్లు: తల్లి పేరు మీద ఉన్నది. ఆ తర్వాత ఆమె గొంతు తగ్గింది. చరాస్తి: మైకు సెట్టు ఒకటి, ఆంప్లిఫయరు, హారన్లు రెండు. బిల్లు జతపరచడమైనది. ప్రస్తుతం ఒక స్నేహితుని వద్ద వాడకంలో ఉన్నది.

ఒక స్నేహితుడు. నాకు పేరు కూడా లేదు. అప్పులోళ్లకు ఇవ్వడానికి వాడి దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆస్తి, మా నాయన పొట్టేళ్లు, మా ఆవిడ చీటీ.

"వాడు గొర్రెల వ్యాపారి" అంది లాయరమ్మ. "మైకు వాడికి పనిముట్టు కాదు. వాడిదని తేలితే వేలమేస్తారు. నీదని తేలాలంటే బిల్లు లేదు గాబట్టి, వాడే వచ్చి ఇది వాడిది కాదని చెప్పాల. లేదంటే వాడి కాగితాల్లో అబద్ధం ఉండాదని మనం చూపించాల."

ఆ మధ్యాహ్నం పనికి పోయాను. పనంటే ఏమిటో తెలుసా? సంగం వైపు గొర్రెలకు టీకాలు వేస్తున్నారని చెప్పడం. కోతలైపోయాయి. కోతలయ్యాక మా మెట్ట వైపు మందలు కాలువ కింది పొలాలకు దిగుతాయి. కోసిన వరి కొయ్యకాళ్లలో మంద కడితే పెంట పొలానికి ఎరువు, అందుకు రైతు ఇంత అని ఇస్తాడు. కాలువ గట్టు మీద ఆటో మెల్లగా పోనిస్తూ "గొర్రెల పెంపకందారులకు విజ్ఞప్తి" అంటున్నాను. ఒక గొర్రె గట్టెక్కి ఆటోకు అడ్డం నిలబడింది. విజ్ఞప్తి అందినట్టు నా వైపే చూస్తోంది. ఎడమ చెవి కొసన చేప తోక.

దాని వెనక ఇంకొకటి. పొలంలోకి చూశాను. మంద మొత్తం చేప తోకలే. రోగం వచ్చి చచ్చిపోయినవన్నీ సుబ్బరంగా గడ్డి మేస్తున్నాయి.

తుమ్మచెట్టు నీడలోంచి వాడు లేచి వచ్చాడు. తల మీద తువ్వాలు. నన్ను చూసి పారిపోతాడనుకున్నాను. దగ్గరికొచ్చి మొట్టమొదట అన్న మాట ఇది.

"ముందా మైకు కట్టెయ్ మామా."

కట్టేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండేది దానికే. అడగ్గానే స్విచ్చు కట్టేశాను.

"వీటికి టీకాలు ఎందుకులేరా" అన్నాను. "ఒకసారి చచ్చినాయి గదా, మళ్లీ రోగమొచ్చేదేముండాది."

వాడు నవ్వాడు. అలవాటు మరి. "వీటిని కూడా రాసిస్తే నేనేం తినాల్రా? ఇంక పొండి అన్నావు గదా నువ్వే ఆరోజు. నేను అదే చేసినా."

"అప్పులోళ్లని పొమ్మన్నాను. నా పేరు ఏ పట్టీలోనూ లేదే? గడ్డోడికి కూడా నోటీసు పంపినావు. నాకొక ముక్క చెప్పబళ్లా?"

"నోటీసు అప్పులోళ్లకి పంపుతారు. నువ్వు అప్పులోడివా? సొంతోడివి."

ఆ మాట వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. మోసం చేసేటప్పుడు ఉండాల్సిన మొహం కూడా వాడికి లేదు.

"మరి సొంతోడి మైకు ఎందుకు రాసినావు?"

"ఏదో ఒకటి చూపించాల గదా మామా, ఏమీ లేదంటే నమ్మరు. బిల్లు నా పేరున ఉండాది. పనిముట్లు కోర్టు ముట్టుకోదని మా లాయరు చెప్పినాడు. మళ్లీ నీకే వస్తాది."

"అది నాకు పనిముట్టు. నీకు కాదు. నువ్వు రాసినావు గాబట్టి వేలమేస్తారు. రేపు వాయిదాకి వచ్చి ఒక్క మాట చెప్పరా. మైకు వాడిది, నా బిల్లు ఉత్తదే అని."

వాడు తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. గొర్రెల వైపు చూశాడు. "అట్టా చెప్తే నేను అబద్ధం రాసినట్టు తేలతాది. ఐపీ మొత్తం కొట్టేస్తారు. ఇంకో మైకు కొనుక్కుందువు లేరా, నీకు నోరుండాది గదా."

బిల్లు నాది, నోరు నీది. ఇన్నేళ్ల తర్వాత వాడు ఆ లెక్క ప్రకారమే నడుచుకుంటున్నాడని అప్పుడర్థమైంది. జోకనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆటో తిప్పుకున్నాను. ఆత్మకూరు దాకా మైకు వెయ్యలేదు. చేతిలో స్విచ్చు ఉంది, దారిలో ఊళ్లున్నాయి, వాడి సంగతి ఒక్కసారి చెబితే సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. చెప్పలేదు. అలా చెబితే అది కూడా నా జోకుల్లో ఒకటైపోతుంది. నేరుగా లాయరమ్మ మెట్లెక్కి, గొర్రెలు ఎక్కడున్నాయో చెప్పాను.

"ఆలోచించుకున్నావా?" అంది.

"ఆలోచిస్తే చెప్పలేనమ్మా. రాసుకోండి."

కోర్టు తరఫున మనిషి వచ్చిన రోజు ఆయన్ని నా ఆటోలోనే తీసుకుపోయాను. వాడు అవి బావమరిది గొర్రెలన్నాడు. ఆ మనిషి నా వైపు తిరిగి, "ఇవి ఇతనివేనని ఎట్టా చెప్తావు?" అన్నాడు. ఒక గొర్రెపిల్లను పట్టుకున్నాను. చిన్నప్పటిలాగే ఒళ్లో అదిమి, ఎడమ చెవి వేళ్ల మధ్య పెట్టి చూపించాను. కొత్త గాటు, ఇంకా పక్కు కట్టి ఉంది. చచ్చిపోయాయని కాగితం పెట్టిన తర్వాత కోసిన చెవి అది. ఈసారి ఎవరు పట్టుకుంటే కోశాడో.

"సొంతోడివనుకున్నా గదరా" అన్నాడు వాడు.

గొర్రెపిల్లను కిందికి వదిలాను. అది పరిగెత్తి మందలో కలిసిపోయింది.

వాడి ఐపీని కోర్టు కొట్టేసింది. అప్పులోళ్లు గొర్రెల్ని జప్తు చేయించి అమ్మిస్తే వచ్చినదాంతో అందరి బాకీలూ చాలావరకు తీరాయి. ఫైనాన్సు ఆయనకు మిగిలింది నేను నెలనెలా కడుతున్నాను, నా సంతకం నా సంతకమే కదా. నేను ఐపీ పెట్టే పని పడలేదు. వాడి ఐపీతోపాటే వేలం మాటా పోయి మైకు నా ఆటో మీదే ఉంది. ఉదయగిరి వైపు మాత్రం గిరాకీ తగ్గింది. సొంతోణ్ణి పట్టించినవాడి నోటితో మా ఇంటి వార్త ఎందుకని అక్కడివాళ్లు పెన్‌డ్రైవు ఆటోను పిలుచుకుంటున్నారు. మా ఊళ్లోనే ఒక ముసలాయన పోతే ఎత్తే టైము నాకు ఆ ఆటో చెప్పింది.

మొన్న టీకొట్టు దగ్గర కొత్తగా వచ్చిన లారీ డ్రైవరు ఒకతను అడిగాడు. "అన్నా, ఐపీ అంటే నువ్వేదో చెప్తావంట గదా, ఒకసారి చెప్పన్నా."

అందరూ గ్లాసులు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. నేను లాయరమ్మ దగ్గర నేర్చుకున్నదాన్ని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చెప్పాను. "ఇన్‌సాల్వెన్సీ పిటిషన్."

నా నోట్లోంచి ఇంగ్లీషు విని టీకొట్టు మొత్తం పగలబడి నవ్వింది. ఆ లారీ అతనైతే టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

"ఇంకోసారి చెప్పన్నా" అన్నాడు.

చెప్పలేదు.